సుమియో తొడిగిన కామ

నరుకావా లోయలో గొడ్డలికి కామ తొడిగించాలంటే ఎవరినడిగినా సుమియో పేరే చెబుతారు. పక్క లోయలో ఇద్దరు మగవాళ్లు కూడా ఆ పని చేస్తారు గానీ, వాళ్ల దగ్గర తొడిగించుకున్నవాళ్లు ఏడాది తిరక్కుండా మళ్లీ సుమియో గుమ్మమే తొక్కుతారు. ఆ సంగతి ఆవిడ ఎదుట ఎత్తితే, "వాళ్లకేం తక్కువ, కాస్త తొందరెక్కువంతే" అని ఊరుకుంటుంది. ఊరుకుంటుందన్న మాటే గానీ, ఆ ఊరుకోవడంలో ఉన్న మిడిసిపాటు లోయ చివరి ఇంటిదాకా వినిపిస్తుంది. అరవై ఒకటో ఏట కూడా అది తగ్గలేదు, మొన్న మే నెల సెలవులు వచ్చేదాకా.

ఆవిడ పుట్టింది కొండల్లో కాదు. దక్షిణాన సముద్రపు ఒడ్డున, సూర చేపల పడవలు ఆగే రేవులో. తాళ్లు పేనడం, వలలు బాగుచెయ్యడం వచ్చిన పిల్ల. కమ్మరి మొరిహికోని చేసుకుని ఈ లోయకొచ్చిన కొత్తలో ఏ చెట్టు ఏదో కూడా పోల్చుకోలేకపోయేది. వీధిలో ఆడవాళ్లు ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లే కాదు, "చేపల పిల్లా" అనేవాళ్లు. ఆ పిలుపు ఆగడానికి పదకొండేళ్లు పట్టింది. ఆగింది కూడా కామల వల్లే.

కామల పని నేర్పింది మామగారు. కొలిమి కొడుక్కి, కర్ర కోడలికి అని పంచేశాడాయన. మాటలు లెక్కపెట్టుకుని వాడే మనిషి. మొదటిరోజు కాషి చెట్టు దుంగ ఒకటి ఆమె ముందు పడేసి, "రంపం ముట్టుకోకు. చీల్చు. నార ఎటు పోతే నువ్వూ అటు పో" అని చెప్పి వెళ్లిపోయాడు. కాషి కర్రని చీల్చడమంటే మాటలు కాదు. ఇనుముకి అన్నదమ్ముల వరస అది. మూడు నెలలపాటు ఆవిడ చీల్చడం తప్ప మరో పని చెయ్యలేదు. అరచేతులు బొబ్బలెక్కి, చితికి, మళ్లీ బొబ్బలెక్కి చివరికి మొద్దుబారాయి. అప్పుడు ఆయన రెండో మాట చెప్పాడు: "మూడేళ్లు." చీల్చిన కర్రని పొయ్యి మీది అటకలో పొగ తగిలేలా మూడేళ్లు ఆరబెట్టాలి. అన్నాళ్లూ ఆరని కర్రని ఆయన కామ అనేవాడు కాదు, కట్టె అనేవాడు.

ఆరిన కర్రని చెక్కి, గొడ్డలి కన్నులోకి దూర్చి, గొడ్డలిని తలకిందులుగా వేలాడదీసి పట్టుకుని కామ చివర చెక్కసుత్తితో కొడితే, ఇనుము తనంతట తానే కామ మీదికి ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు వచ్చే చప్పుణ్ని బట్టే బిగువు ఎంతో తెలియాలి. ఆ పైన నెత్తిన చెక్క చీల కొట్టాలి. ఇదంతా ఆవిడకి ఇప్పుడు కళ్లు మూసుకుని చేసే పని. కానీ ముప్పై ఏళ్లయినా ఆ మూడేళ్ల నియమం దగ్గర మాత్రం ఆవిడ ఒక్క నెల కూడా తగ్గేది కాదు. ఎంతమంది బతిమాలినా అంతే. ఆ పట్టుదల ఎక్కణ్నుంచి వచ్చిందో లోయలో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ప్రతి ఇంటి ముందూ కాలవ పక్కన ఒక బాల్చీ ఉంటుంది. పొద్దుగూకే వేళకి పార, గొడ్డలి, కత్తి అన్నీ ఇనుము మునిగేలా అందులో తలకిందులుగా నిలబెడతారు. తెల్లారేసరికి కర్ర నీళ్లు పీల్చి ఉబ్బి, ఇనుముని బిర్రుగా పట్టుకుంటుంది. పని అయ్యాక మళ్లీ బాల్చీలోకే. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. నడక వచ్చిన పిల్లలకి కూడా తెలుసు, నాన్న పార ఎక్కడుంటుందో.

కొన్నేళ్లుగా కథ మారింది. ఒసాకా నుంచీ అవతలి దీవుల నుంచీ జనం కార్లకి గుడారాలు కట్టుకుని ఏటి ఒడ్డున మకాం వెయ్యడానికి వస్తున్నారు. నిప్పు రాజేసుకోవాలి కదా, కట్టెలు చీల్చుకోవడానికి తలా ఒక చేతిగొడ్డలి కావాలి. వీధికి అవతలి వైపు ఎయిసాకు అన్నీ అమ్మే కొట్టు పెట్టాడు. అందులో నల్లటి ప్లాస్టిక్ పిడి ఉన్న చేతిగొడ్డళ్లు వరసగా వేలాడతాయి. అచ్చులో పోసిన పిడి, ఇనుముని నోట కరుచుకున్నట్టు పట్టుకుని ఉంటుంది. తేలిక. వానకి నానదు, ఎండకి ఎండదు. సుమియో వాటిని చూసినప్పుడల్లా మొహం తిప్పుకుంటుంది. అయితే పట్నం వాళ్లలో కర్ర పిడి మీద మోజు ఉన్నవాళ్లే ఎక్కువ. రెండేళ్లలో అటక సగం ఖాళీ అయింది. ఈ ఏడు మార్చి దాటేసరికి మూడేళ్ల కర్ర అయిపోయింది.

మే నెల సెలవులకి ముందు ఒంటికన్ను మొరిహికో మిగిలిన గొడ్డళ్లన్నీ ట్రక్కులో వేసుకుని కోచి పట్నంలో కత్తుల సంతకి వెళ్లాడు. ఇంటి ముందరి తమ దుకాణంలో కర్ర పిడి గొడ్డలి ఒక్కటి కూడా లేదు. ఎదురుగా ఎయిసాకు కొట్లో మాత్రం నల్ల పిడులు గాలికి ఊగుతున్నాయి. ఆ ఖాళీ బల్ల చూసుకుంటూ రెండు రోజులు గడిపింది సుమియో. మూడోరోజు నిచ్చెనెక్కి, నిరుడు అటకెక్కించిన కర్రల్లోంచి ఒకటి దించింది. చేతిలోకి తీసుకోగానే తెలిసింది, లోపల ఇంకా తడి ఉంది. అయినా చెక్కింది, కొలిమి దగ్గర మిగిలిన గొడ్డలి ఇనుము ఒకదానికి తొడిగింది, చీల కొట్టింది. అమ్మడానికి కాదు, బల్ల మీద ఊరికే పెట్టడానికే అని తనకి తాను చెప్పుకుంది. రెండు రోజులకే ఇనుము లోపల కాస్త కదిలింది. ఎవరైనా ఎత్తి చూస్తే లొడలొడమంటే పరువు పోతుందని సాయంత్రం దాన్ని బాల్చీలో నిలబెట్టింది. పొద్దున్న తీసి తుడిస్తే రాయిలా బిగుసుకుపోయి ఉంది.

ఆ పొద్దున్నే మినోబె వాళ్లు వచ్చారు. మొగుడు, పెళ్లాం, ఐదేళ్ల పాప. మినోబె చేతిలో అప్పుడే ఎదురు కొట్లో తీసుకున్న నల్ల పిడి గొడ్డలి ఉంది. అతని భార్య సాయోకో బల్ల మీదున్న కర్ర పిడి మీద వేళ్లు పెట్టి నిమిరింది.

"ఎంత నున్నగా ఉందో! ఏవండీ, మనం కొంచెం ఆగాల్సింది."

"ఇది తేలికన్నారు, తడిసినా ఏం కాదన్నారు కదా" అన్నాడు మినోబె. తర్వాత సుమియో వైపు తిరిగి, "అమ్మా, మీరు చెప్పండి. మేం ఏటి ఒడ్డున మకాంకి మొదటిసారి వస్తున్నాం. మాకు ఏదైతే మంచిది?" అని అడిగాడు.

ఆ మాట అడక్కుండా ఉండాల్సింది. సుమియోకి ముప్పై ఏళ్ల నుంచి తెలిసిన జవాబు ఒక్కటే.

"ఏం కాదు, నిజమే బాబూ. అదే దాని జబ్బు. పట్టుకున్నది మనిషి చెయ్యో, ఇనప కొక్కెమో దానికి తెలీదు. దెబ్బ వేస్తే ఆ అదురంతా మీ మోచేతికే. కర్ర అలా కాదు. అదురు తనే మింగేస్తుంది. ప్రాణం ఉన్న సరుకది."

"చూసుకోవడం కష్టమేమోనండీ" అంది సాయోకో.

"ఏం కష్టం లేదమ్మా. తడిగా ఉంచకండి, తుప్పు పడుతుంది. శుభ్రంగా తుడిచి పొడిగా పెట్టండి, అంతే."

పట్నం నుంచి వచ్చిన ప్రతివాళ్లకీ ఆవిడ చెప్పే మాటలే అవి. ఇనుము గురించి చెప్పాల్సినవి. ఈ కామ గురించి చెప్పాల్సింది వేరే ఉంది. అది నోటిదాకా రాలేదు. వచ్చిందేమో, మింగేసిందేమో, తర్వాత ఎంత ఆలోచించినా ఆవిడకే తేలలేదు.

పాప కొనోమి గొడ్డలి మీద గీతలు లెక్కపెడుతోంది. "ఇటు మూడు. ఇటు నాలుగు. బామ్మా, ఇటెందుకు ఎక్కువున్నాయి?"

"మూడు గీతలు కొండ దేవతకి పోసే బియ్యపు సారా, సాకే. నాలుగు గీతలేమో మట్టి, నీళ్లు, నిప్పు, గాలి. ఇవి ఉన్నచోట కొండలో నీకేం కాదు తల్లీ."

మినోబె వీధి దాటి వెళ్లి నల్ల పిడి గొడ్డలి తిరిగిచ్చేసి వచ్చాడు. ఎయిసాకు గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. సుమియో అటు చూడనట్టే చూసి, గొడ్డలికి కాగితం చుట్టింది. కారు కదిలాక ఆవిడకి ఆ ఏడాదిలో లేనంత హాయిగా అనిపించింది. దాన్ని ఇక్కడ దాచి లాభం లేదు, అదే జరిగింది.

మర్నాడు మధ్యాహ్నం పొడిగాలి మొదలైంది. సుమియో టీ మళ్లలో కలుపు తవ్వుతోంది. ముందురోజు దుకాణం సంబరంలో పారని బాల్చీలో పెట్టడం మర్చిపోయింది. రాత్రంతా గట్టు మీద, పొద్దుటి నుంచి ఎండలో పడుంది అది. నాలుగో దెబ్బకి పార ఇనుము కామ నుంచి జారి, ఆవిడ రబ్బరు బూటు పక్కన మట్టిలో దిగబడింది.

ఆవిడ దాన్నొకసారి చూసింది. చేతిలో మిగిలిన ఒట్టి కామని చూసింది. ఆ పార కామ మూడేళ్లు ఆరిన కర్ర. ఒక్క పూట నీళ్లు లేకపోతేనే వదిలేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. తుడిచి పొడిగా పెట్టండి. ఆ మాట అన్నది తనే. వాళ్లకి బాల్చీ ఉండదు. పక్కనే నిప్పు ఉంటుంది. రాత్రి చలికి దాని పక్కనే కూర్చుంటారు, గొడ్డలి కూడా అక్కడే పెడతారు. ఏడాది కర్ర అది. నీళ్లు పోతే అందులో పట్టు ఏమీ ఉండదు. సాయంత్రం వంటకి మళ్లీ కట్టెలు కొడతాడు ఆ అబ్బాయి. పట్నం పిల్లలు చూడ్డానికి ఎక్కడ నిలబడతారో ఆవిడకి తెలుసు, ఎదురుగా, దగ్గరగా.

పార అక్కడే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తింది. ఏటి మకాం చూసుకునే వాళ్ల ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తేవాడు లేడు. అక్కడ సెల్‌ఫోన్లకి సిగ్నల్ ఉండదు. మినోబె నంబరు ఎలాగూ తన దగ్గర లేదు. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. మొరిహికో సంతలో ఉన్నాడు, ట్రక్కు అతని దగ్గరే ఉంది. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. వీధిలో ఇక మిగిలిన బండి ఒక్కటే. ఎయిసాకు వ్యాను.

ఎయిసాకు ఆవిడకన్నా ఐదేళ్లు చిన్న. గల్లా పెట్టె వెనక కూర్చుని చల్లటి టీ తాగుతున్నాడు.

"రా అక్కా, రా. నిన్న నా కొట్లోంచి బేరం ఎత్తుకెళ్లావు. ఇవాళ కొట్టే ఎత్తుకెళ్దామని వచ్చావా?"

"ఎయిసాకూ, వ్యాను తియ్యి. ఏటి మకాంకి పోవాలి."

"ఏం, ఇంకో నాలుగు గొడ్డళ్లు అమ్ముతావా అక్కడ?"

"తిట్టాలనుంటే దారిలో తిట్టు. ఇప్పుడు కాదు. నిన్న నేను వాళ్లకిచ్చిన గొడ్డలి తల ఊడిపోతుంది."

ఎయిసాకు గ్లాసు కింద పెట్టాడు. ఎగతాళి చెయ్యడానికి నోరు తెరిచాడు గానీ, ఆవిడ మొహం చూసి మూసేశాడు. తాళాలు తీసుకుంటుంటే సుమియో గోడకి వేలాడుతున్న నల్ల పిడి గొడ్డలి ఒకటి కొక్కెం నుంచి తీసి చంకలో పెట్టుకుంది. దాన్ని ఆవిడ ముట్టుకోవడం అదే మొదలు.

దారి పొడవునా ఒక బండి పట్టేంత వెడల్పే. సెలవులు కావడంతో ఎదురుగా కార్లు వస్తూనే ఉన్నాయి. ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. పట్నం వాళ్లకి వెనక్కి నడపడం రాదు. ఎయిసాకే పళ్లు నూరుకుంటూ వ్యానుని వెనక్కి తీశాడు, ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు.

"నిజం చెప్పక్కా. చీల కొట్టావా లేదా?"

"కొట్టాను. ఆరని కర్రకి కొట్టాను."

"నువ్వా?"

"నేనే. నీ కొట్టు ముందు నా బల్ల ఖాళీగా ఉందని. లోపల కదులుతుంటే నీళ్లలో నానబెట్టాను. బిగుసుకుంది కదా అని ఇచ్చేశాను."

అతను ఎదురొచ్చిన ఇంకో కారుకి దారిచ్చాడు. తర్వాత తాపీగా అన్నాడు, "ఊరికే బెంగపెట్టుకోకు. తల ఊడితే ఊడుతుంది, మట్టిలో పడుతుంది. ఎన్నిసార్లు చూడలేదు?"

"నా మొగుడి కన్ను ఎలా పోయింది?"

"కొలిమి నిప్పురవ్వ పడి. ఇదేంటిప్పుడు?"

"నిప్పురవ్వ కాదు." ఆవిడ ఎదురుగా రోడ్డునే చూస్తోంది. "నేను ఒంటరిగా తొడిగిన మొదటి కామ అది. మామయ్య చూడకుండా, ఆరకముందే అటక మీంచి దించి తొడిగాను. నాకూ వచ్చని చూపించుకుందామని. మా ఆయన పట్టుకుని ఒక్క దెబ్బ వేశాడు. తల ఊడి రాతికి తగిలి పెచ్చు లేచి కంట్లో పడింది. రక్తం కారుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన అన్న మొదటి మాట, 'నాన్నకి చెప్పకు, రవ్వ పడిందని చెబుతాను' అని. మామయ్య పోయేదాకా అదే నమ్మాడు. ఊరంతా ఇప్పటికీ అదే నమ్ముతోంది. ఆ రోజు నుంచి మూడేళ్లకి ఒక్కరోజు తక్కువ ఆరిన కర్ర ముట్టుకోలేదు ఎయిసాకూ. మళ్లీ ఇప్పుడు."

రెయిలింగు లేని పల్లపు వంతెన దగ్గర బళ్లు ఆగిపోయాయి. వంతెన మధ్యలో ఎవరో కుర్రాళ్లు కారు ఆపుకుని కాళ్లు నీళ్లలోకి వేలాడేసి ఫోటోలు దిగుతున్నారు. ఎయిసాకు హారన్ కొట్టాడు. వాళ్లు నవ్వుతూ చెయ్యి ఊపారు. సుమియో తలుపు తీసుకుని దూకినంత పనిచేసి, వంతెన మీదికి పరిగెత్తింది.

"లేవండి! లెండి! అవతల పిల్ల చచ్చిపోతుంది, బండి తియ్యండి!"

చంకలో గొడ్డలితో, మట్టి బూట్లతో, జుట్టు రేగిపోయి అరుస్తున్న ముసలావిణ్ని చూసి వాళ్లు చెప్పులు కూడా తొడుక్కోకుండా కారెక్కారు. ఆవిడ మళ్లీ వ్యాను ఎక్కింది. గొడ్డలి పిడిని రెండు చేతులతో పట్టుకుని ఒళ్లో అదుముకుంది. పిల్ల చచ్చిపోతుందని తన నోటితో తనే అన్నది. ఆ మాట ఎందుకన్నాను, ఎందుకన్నాను అని గొణుక్కుంటూనే ఉంది.

"అక్కా, ఒక మాట" అన్నాడు ఎయిసాకు మలుపు తిప్పుతూ. "అక్కడికెళ్లాక ఈ నీళ్లూ, ఏడాది కర్రా అవన్నీ చెప్పకు. మర్చిపోయానని చెప్పు. చీల సంగతి మర్చిపోయాను, మార్చుకోడానికి వచ్చానను. మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది. నేను నోరు విప్పను. ఒట్టు."

ఎదురు కొట్టువాడు ఆ మాట అంటాడని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఆ మాట పట్టుకుని వేలాడింది. మర్చిపోయాను. చిన్న మాట. ఎవరూ తప్పు పట్టని మాట. పెదాలు కదిలిస్తూ రెండుసార్లు అని చూసుకుంది కూడా.

ఏటి ఒడ్డున గులకరాళ్ల మీద ముప్పై గుడారాల దాకా ఉన్నాయి. ఎక్కడ చూసినా పొగ, మాంసం కాలుతున్న వాసన. సుమియో ఒక్కో గుడారం దగ్గరా ఆగి లోపలికి తొంగి చూస్తూ పరిగెత్తింది. ఎక్కడో ఎవరో కట్టె కొడుతున్న చప్పుడు వినబడితే అటు పరిగెత్తింది. అది వాళ్లు కాదు. మళ్లీ వెనక్కి. రాళ్ల మీద పడింది, మోకాలు చీరుకుంది, లేచింది. వెనకాల ఎయిసాకు "అక్కా, అదిగో, ఏటి మలుపు పక్కన! వాళ్ల తెల్ల కారు!" అని అరిచాడు.

మినోబె ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. అతని చేతిలో ఒట్టి కామ ఉంది. ఇనుము లేదు. అతను దాని కొసకేసి తేరిపార చూస్తున్నాడు. అతని వెనక మూడు బారల దూరంలో నీలం గుడారం, దాని పక్క గుడ్డలో జానెడు చీలిక. గుడారం మూతి దగ్గర రెండు చిన్న ఎర్ర బూట్లు, తొడుక్కోడానికి వీలుగా బయటికి తిప్పి జతగా పెట్టి ఉన్నాయి.

ఆ బూట్లు చూశాక సుమియోకి ఇంక అడుగు పడలేదు. పాప ఎక్కడ అని అడగాలి. చెవుల్లో ఏటి హోరు తప్ప ఇంకేమీ లేదు. గుడారంలోంచి సాయోకో బయటికి వచ్చింది, చేతిలో తువాల్లో చుట్టిన బరువేదో పట్టుకుని. ఆమె మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"అమ్మా! ఇంకో చేప ఎగిరింది చూశావా, ఇంత పొడుగు!"

ఏటిలోంచి, తడి కాళ్లతో, మోకాళ్ల దగ్గర తడిసిన గౌను పిండుకుంటూ కొనోమి వచ్చింది. సుమియోని చూసి గుర్తుపట్టి ఆగింది. "బామ్మా, నీ గొడ్డలి ఎగిరి నా పరుపు మీద పడింది తెలుసా? నేను నిద్రపోతున్నాను. చేప ఎగిరిన చప్పుడైతే లేచి నీళ్లలోకి పరిగెత్తాను. అప్పుడు పడింది."

సుమియో గులకరాళ్ల మీద కూలబడిపోయింది. ఆవిడ ఆలస్యంగానే వచ్చింది. పిల్ల బతకడంలో ఆవిడ ప్రమేయం ఏమీ లేదు. ఒక చేప ఎగరడం వల్ల బతికింది.

"అయ్యో, మీరా!" సాయోకో గబగబా దగ్గరికొచ్చింది. మినోబె కూడా లేచి వచ్చాడు. ఇద్దరూ ఆవిడ ఎదుట నిలబడి, క్షమించమన్నట్టు నడుములు వంచారు. "ఎలా తెలిసిందండీ మీకు? మొహం చూపించలేకపోతున్నాం. మీరు అంత శ్రద్ధగా చేసిన వస్తువుని మేం ఒక్క రోజులో పాడుచేశాం. కొంచెం తడిగా ఉన్నట్టు అనిపిస్తే, మీరు పొడిగా ఉంచమన్నారు కదా అని రాత్రంతా నిప్పు పక్కన ఆరబెట్టాం. పొద్దున్న నేనే ఎండలో పెట్టాను. మాకు కర్ర పని తెలీదు. ఎక్కడ తప్పు చేశామో కూడా తెలియట్లేదు."

"నేనే గట్టిగా కొట్టానేమో" అన్నాడు మినోబె. "నా కూతురు మీద... నా చేత్తోనే..." అని ఆపేశాడు. "మీరేమీ అనుకోకండి. తప్పు మాది."

వాళ్లు ఇంకా వంగే ఉన్నారు. ఎయిసాకు రెండడుగుల వెనక నిలబడి, చూపుతోనే బతిమాలాడు, ఇప్పుడు ఆ మాట అనెయ్యమని. నిజానికి ఆ మాట కూడా అక్కర్లేదు. ఊరికే తల ఊపితే చాలు. వాళ్లే అంతా తమ నెత్తిన వేసుకున్నారు. ఈ అబ్బాయి బతికినంత కాలం తన చేతుల్నే తిట్టుకుంటాడు.

సుమియో మోకాళ్ల మీదికి లేచింది.

"తల ఎత్తండి బాబూ. మీరు చేసిన తప్పేం లేదు. ఆరబెట్టడం తప్పు కాదు, కొట్టడం తప్పు కాదు. కామ మూడేళ్లు ఆరాలి. అది ఏడాది కర్ర. వదులు తెలియకుండా నీళ్లలో నానబెట్టి బిగించాను. నీళ్లు పోతే ఊడుతుంది. ఎవరు కొట్టినా ఊడేదే."

ఆవిడ నల్ల పిడి గొడ్డలిని రెండు చేతుల మీద పెట్టి పైకి ఎత్తింది. "ఇది తీసుకోండి. దీని తల ఊడదు. నిన్న మీరు తీసుకున్నదే మంచిది. నేనే చెడగొట్టాను."

మినోబె నడుం సగంలో ఆగిపోయింది. సాయోకో నెమ్మదిగా నిటారుగా నిలబడింది. గుడారం చీలిక వైపు ఒకసారి చూసింది, కూతురి వైపు చూసింది, మళ్లీ సుమియో వైపు చూసింది.

"ఇచ్చేటప్పుడు మీకు తెలుసా?"

"అంటే అమ్మా, సెలవుల హడావిడిలో..." అని ఎయిసాకు ముందుకొచ్చాడు.

"నువ్వుండు" అంది సుమియో. "తెలుసమ్మా. ఇచ్చేటప్పుడు తెలుసు."

సాయోకో తువాలు విప్పి, ఇనుముని సుమియో ముందు రాళ్ల మీద పెట్టింది. ఎత్తిన చేతుల మీంచి నల్ల పిడి గొడ్డలి తీసుకుని మొగుడికిచ్చింది. తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని కారు వైపు నడిపించింది. కొనోమి వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ నడుస్తోంది.

"అమ్మా, ఆ బామ్మ లేవట్లేదేంటి?"

"నడు" అంది సాయోకో.